మగ్గం ఇంటికొచ్చింది, అత్తమ్మ మాట్లాడటం మానేసింది

ఈ వారం ఒకే ఉత్తరం తీసుకుంటున్నాను, ఎందుకంటే అది పెద్దది, అందులో చిక్కులు కూడా ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పేరు రాయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

రాసినావిడకు 36 ఏళ్ళు. ఎల్బీనగర్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటారు. ఇంట్లో భర్త, తొమ్మిదేళ్ళ పాప, అత్తమామలు. ఆఫీసు పని ఇంటి నుంచే, మధ్యాహ్నం మూడున్నరకల్లా అయిపోతుంది. పుట్టింటివాళ్ళకి నేతతో ఏ సంబంధమూ లేదు. అత్తింటివాళ్ళు మాత్రం పుట్టపాక దగ్గర ఊరి చేనేతవాళ్ళు. మామయ్య వయసంతా గుంట మగ్గం మీదే గడిచింది, అత్తమ్మ ఆసు పోసేది (నూలును మేకుల చుట్టూ తిప్పి నేతకు సిద్ధం చేయడం), కండెలు, అంటే అడ్డంగా నేసే నూలు ఉండే చిన్న గొట్టాలు, చుట్టేది. పదేళ్ళ కింద మగ్గం అమ్మేసి కొడుకు దగ్గరకు వచ్చేశారు.

ఈవిడ పోయినేడు ఒక వర్క్‌షాప్‌లో నేత నేర్చుకుని, బాగా ఇష్టపడి, దసరా తర్వాత ఒక చిన్న ఫ్రేమ్ మగ్గం కొని హాల్లో కిటికీ పక్కన పెట్టుకున్నారు. ఎండాకాలం ఆ హాల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోలేరు, ఫ్యాన్ వేస్తే నూలు ఎగురుతుంది, కాబట్టి చలికాలమంతా నేసుకుని మార్చి నాటికి మూసేయాలన్నది ప్లాన్. మగ్గం చూసిన రోజు అత్తమ్మ, "మేము దాన్ని వదిలించుకుని వచ్చినం, నువ్వు పైసలు పెట్టి కొనుక్కొచ్చినవ్" అందట. అంతే, ఇంకేం అనలేదట. ఆఫీసు స్నేహితులు చూసి మెచ్చుకుని ఎనిమిది స్టోల్స్ ఆర్డర్ ఇచ్చారు, ఒక్కోటి 1,400 రూపాయలు, సగం అడ్వాన్స్, సంక్రాంతికి ఇవ్వాలి. ఇప్పటికి మూడు అయ్యాయి. డిసెంబర్ మొదలైన దగ్గర్నుంచి పడుగు పోగులు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు, తెగడం ఎక్కువైంది, రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నారు, కింది ఫ్లాట్ వాళ్ళు దబదబమని చప్పుడొస్తోందని అసోసియేషన్ గ్రూప్‌లో పెట్టారు. మామయ్య మధ్యాహ్నం పూట ఎవరూ చూడకుండా మగ్గం దగ్గర కూర్చుంటున్నారు. తెగిన పోగులను చిటికెడు బూడిద వేళ్ళకి అద్దుకుని అతికి పెడుతున్నారట, ఈవిడకి పావుగంట పట్టే పని ఆయన చేతిలో నిమిషంలో అవుతోందట. అది చూసి అత్తమ్మ ఆయన మీద అరుస్తోంది, డాక్టర్ మోకాళ్ళ గురించి ఏం చెప్పాడో గుర్తు లేదా అని. కోడలితో అయితే మూడు వారాలుగా మాటల్లేవు. భర్త, "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగొద్దు" అంటున్నాడు.

ఆవిడ అడుగుతున్నవి: మగ్గం తీసేయాలా? నా ఇంట్లో నాకిష్టమైన పని చేసుకోవడానికి ఇంత టెన్షన్ పడాలా? అత్తమ్మతో గట్టిగా మాట్లాడేయనా?

ఇక నా జవాబు.

అమ్మా, మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. అత్తమ్మ మగ్గం వల్ల మాట్లాడటం మానేసిందని మొదటి పేజీలో రాశారు. మూడో పేజీలో, వేరే విషయం చెబుతూ, ఇలా రాశారు: "ఆర్డర్లు మీద పడేసరికి, ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కదా అని కండెలు చుట్టి పెట్టమన్నాను, దానికి లేచి లోపలికి వెళ్ళిపోయింది." తేదీలు మీరే రాశారు, కలిపి చూడండి. మగ్గం దసరా తర్వాత వచ్చింది. దీపావళి, కార్తీక మాసం అన్నీ మాటలతోనే గడిచాయి. ఆమె నోరు మూసుకున్నది కండెలు చుట్టమన్న రోజు నుంచి. మగ్గాన్ని ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆ అడగడాన్ని.

ఎందుకో చెబుతాను. మీరు వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది నేయడం. అప్పటికే ఎవరో పడుగు పోసి, పోగులు పన్నెలోకి, అంటే వాటిని వరసగా పట్టి ఉంచే దువ్వెన లాంటి దానిలోకి, ఎక్కించి, సిద్ధంగా పెట్టి ఉంటారు. నేత ఇళ్ళలో ఆ ముందు పనంతా ఆడవాళ్ళది. మీ అత్తింటివాళ్ళవైపు చిటికి కట్టి, అంటే నేయకముందే నూలుకు అక్కడక్కడా ముడులు కట్టి, రంగులద్దే నేత కాబట్టి దానికి ఆసు కూడా తోడవుతుంది. ఒక కొసన ఒకే మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటి మధ్య పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి కొన్ని వేల సార్లు తిరగాలి. భుజం పడిపోతుంది, కళ్ళు లాగుతాయి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం అనే ఆయన వాళ్ళమ్మ లక్ష్మి ఈ ఆసు పోస్తూ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. ఒక కొడుకు మెషీన్ కనిపెట్టేంత బాధ ఆ పనిలో ఉందన్నమాట. మీ అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ మెషీన్ లేదు.

అంత చేసినా కూలి లెక్క వచ్చేసరికి చీర నేసినవాడి పేరు మీదే వస్తుంది. ఆసు పోసిన చేతికి, కండె చుట్టిన చేతికి విడిగా ఏమీ ఉండదు, అది ఇంటిపనిలో కలిసిపోతుంది. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనులు చేసేవాళ్ళు 35 లక్షల మంది, వాళ్ళలో పదిమందికి ఏడుగురు ఆడవాళ్ళు. అయినా నేతకారుడు అనగానే మన కళ్ళముందుకు మగ్గం మీద కూర్చున్న మగవాడే వస్తాడు. మీ అత్తమ్మ బతుకంతా ఆ లెక్కలో లేని మనిషిగా గడిచింది. పదేళ్ళు ఆ పనికి దూరంగా ఉన్నాక, కోడలు నేసి ఆర్డర్లు తెచ్చుకుంటూ మెప్పు పొందుతుంటే, ఆమెను మళ్ళీ అదే మూలకు, అదే కండెల దగ్గరకు, అదీ ఖాళీగానే ఉన్నావు కదా అనే మాటతో పిలిచారు. మీరు కావాలని చేయలేదు, మీకు ఆ సంగతులు తెలియవు. కానీ ఆమె చెవికి అది ఎలా వినబడి ఉంటుందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

గట్టిగా మాట్లాడేయనా అని అడిగారు. మాట్లాడొచ్చు. నా ఇల్లు, నా డబ్బు, నా ఇష్టం అంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆమె కూడా ఎదురు చెప్పదనుకుంటాను. మగ్గం హాల్లోనే ఉంటుంది. ఆమె మాత్రం హాల్లోకి రావడం మానేస్తుంది. ఫిబ్రవరి దాకా మీరు నేస్తున్నంతసేపూ ఆ మూసిన తలుపు మీకు కనబడుతూనే ఉంటుంది. దానికి సిద్ధమైతే సరే.

రెండో దారి, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడం. "కండెలు చుట్టమని అడగాల్సింది కాదు అత్తమ్మా, ఇక అడగను, నా పని నేనే చేసుకుంటా" అని చెప్పి, నిజంగానే అడగకపోవడం. మగ్గం గురించి ఆ మాటల్లో ఏమీ ఎత్తొద్దు. అటు మాట్లాడి ఇటు ఒప్పించే ప్రయత్నం చేస్తే ఆమె వెంటనే పసిగడుతుంది. దీనికి ఫలితం మర్నాడే కనబడుతుందని చెప్పలేను. రెండు వారాలు పట్టొచ్చు, ఆమె తేలిగ్గా "సరేలే" అని కూర గిన్నె మీ వైపు జరపొచ్చు, అంతకుమించి ఏమీ జరగకపోవచ్చు కూడా.

మూడోది చాలామంది మీకు సలహా ఇచ్చే దారి: అత్తమ్మను నేర్పమని అడుగు, పెద్దావిడకు గౌరవంగా ఉంటుంది, సంతోషిస్తుంది అని. ఇది నాకు నచ్చదు. నేర్పమని పిలవడం కూడా ఆమెను మళ్ళీ ఆ పని దగ్గర కూర్చోబెట్టడమే, పేరు మారింది అంతే. ఆమె తనంతట తాను వచ్చి, "అట్ల కాదు, ఇటు తిప్పు" అంటే వినండి, సంతోషంగా వినండి. అది ఆమె ఇష్టంతో జరగాలి. ఎప్పటికీ రాకపోతే అది కూడా ఆమె ఇష్టమే. ఆ పని మీద ప్రేమ ఉండి తీరాలని ఎవరూ ఆమెను అడగకూడదు.

ఇస్తే డబ్బు ఇవ్వనా అని కూడా మీకు అనిపించొచ్చు. ఇప్పుడైతే వద్దు, ఈ మౌనంలో అది ఇంకో దెబ్బలా తగులుతుంది. మాటలు కలిశాక, ఆమెకే చేయాలనిపిస్తే, అప్పుడు మొహమాటం లేకుండా కండెల లెక్కన కూలి మాట్లాడుకోండి, నెల చివర చేతిలో పెట్టండి. కుటుంబంలో లెక్కలేంటి అంటారు ఎవరో ఒకరు. కుటుంబమనే కదా ఇన్నాళ్ళూ లెక్క కట్టలేదు.

మామయ్య సంగతి వేరు. ఆయన పనిలోకి ఆయనే వస్తున్నారు, ఎవరూ పిలవలేదు. ఆయన చేతులకి ఆ పని గుర్తుంది, అది చేస్తుంటే ఆయనకు హాయిగా ఉంది, మీరు ఆ బూడిద సంగతి రాసిన తీరులోనే అది తెలుస్తోంది. మోకాళ్ళ గురించి అత్తమ్మ భయం కూడా నిజమే, గుంట మగ్గంలోకి దిగి లేవడం ఏళ్ళ తరబడి చేస్తే కీళ్ళు ఏమవుతాయో ఆమె దగ్గరుండి చూసింది. మీది బల్ల మీద కూర్చుని నేసేది కాబట్టి గుంటలో అంత కష్టం లేదు, కానీ కాళ్ళతో తొక్కడం అయితే తప్పదు. డాక్టర్‌ని ఒక్కసారి సూటిగా అడగండి, రోజుకి ఎంతసేపు కూర్చోవచ్చు, తొక్కొచ్చా, పోగులు అతకడం వరకేనా అని. డాక్టర్ చెప్పిన మాట ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చెబితే ఆయన దొంగచాటుగా కూర్చోవాల్సిన అవసరం పోతుంది. అయితే ఒకటి, ఆయన అతికిన పోగులతో మీ ఆర్డర్లు పూర్తవుతున్నాయంటే అది కూడా పనే. ఆయన కూర్చోవడం ఆయన సరదా కోసమైతే మీ డెడ్‌లైన్ కోసం కూర్చోమనకండి. ఎవరిదో ఒక స్టోల్ ఆయనే మొదట్నుంచి చివరి దాకా నేస్తే, ఆ డబ్బు ఆయనది.

పోగులు తెగడం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ సగం అలసట, ఆ రాత్రి పదకొండింటి చప్పుడు అంతా అక్కడి నుంచే వస్తోంది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నూలుకు తేమ కావాలి. పత్తి దారం తడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటుంది, ఎండితే పెళుసుబారుతుంది. అందుకే మిల్లుల్లో నేత షెడ్లలో పనిగట్టుకుని గాలిలో తేమ నింపుతారు, ఊళ్ళో గుంట మగ్గం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చల్లదనం పడుగుకు అందుతుంది. మన హైదరాబాద్ చలికాలంలో పొద్దున మంచు కురిసినా మధ్యాహ్నానికి గాలి పొడిబారిపోతుంది, పెదాలు పగులుతాయి చూడండి, నూలుకూ అదే గతి. మీరు సరిగ్గా ఆ పొడి గాలి వేళకే, మూడున్నరకి, మగ్గం ఎక్కుతున్నారు. కుదిరితే ఒక గంట పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య నేసి చూడండి. కుదరకపోతే పడుగు కింద వెడల్పాటి టబ్బులో నీళ్ళు పెట్టి అందులో ఒక గోనెపట్టా సగం మునిగేలా వేలాడదీయండి, ఆరేసే తడిబట్టలు ఆ గదిలోనే ఆరేయండి. కండెను నాడెలో (పోగుల మధ్య అటూ ఇటూ తిరిగేది) పెట్టేముందు తడిపి, నీళ్ళు వత్తేసి పెట్టుకుంటే పేక, అంటే అడ్డం పోగు, బాగా దగ్గరగా కూర్చుంటుంది, ఎక్కువ బలంగా కొట్టక్కర్లేదు, చప్పుడు కూడా తగ్గుతుంది.

ఇంకోటి, మీరు వాడుతున్న నూలు ఒంటి పోగు నలభై నంబర్ (నంబర్ అంటే నూలు సన్నదనం లెక్క) అని రాశారు. ఒంటి పోగు గంజి పెట్టకుండా పడుగుకి నిలవదు. ఊళ్ళో తెల్లవారుజామున వీధిలో పడుగు బారుగా పరిచి, బియ్యం గంజిలో కాస్త నూనె కలిపి కుంచెతో పట్టిస్తారు, ఎండ ముదరకముందే ఆరిపోవాలి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో అది అయ్యే పని కాదు. తర్వాతి పడుగుకి రెండు పోగులు కలిపి పురిపెట్టిన నూలు, అంటే 2/40 తెచ్చుకోండి, గంజి బెడద చాలావరకు పోతుంది. ఉన్న పడుగు మీద ఇంకా ఎంత మిగిలిందో మీరు రాయలేదు. అది మొత్తం తెగుతూనే ఉంటే దాన్ని పట్టుకుని వేలాడకండి.

కింది వాళ్ళది పెద్ద సమస్య కాదు, గ్రూప్‌లో జవాబు ఇవ్వకండి చాలు. కిందికి వెళ్ళండి, ఏ వేళలో ఇబ్బందో అడగండి, రాత్రి ఎనిమిది తర్వాత నేయనని చెప్పి ఆ మాట మీద ఉండండి. మగ్గం కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు, దాని కింద కొబ్బరి పీచు పట్టా వేస్తే నేలలోకి దిగే అదురు బాగా తగ్గుతుంది. రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైట్ కింద నల్ల పోగులు వెతకడం మీ కళ్ళకి కూడా మంచిది కాదు.

ఇప్పుడు మగ్గం తీసేయాలా అన్నది. తీసేస్తే ఇల్లు వెంటనే ప్రశాంతంగా కనబడుతుంది. కానీ మీ ఉత్తరం నిండా మీరు నేతను ఎంత ప్రేమిస్తున్నారో ఉంది. మొదటిసారి అంచు తిన్నగా వచ్చిన రోజు పాపను నిద్ర లేపి చూపించానని రాశారు. అది వదులుకుంటే ఆ కోపం అత్తమ్మ మీదికే మళ్ళుతుంది, ఆమె అడగనే లేదు కదా తీసేయమని. మగ్గాన్ని హాల్లోంచి మీ పడకగదిలోకి మార్చుకోవచ్చు. స్థలం ఇరుకవుతుంది, భర్త గొణుగుతారు, అయినా అత్తమ్మకు పొద్దున లేవగానే, అన్నం తింటున్నా, టీవీ చూస్తున్నా అదే కనబడటం తప్పుతుంది. ఈ దారి నాకు బాగానే ఉంది. ఇంకోటి, దీన్ని అమ్మి చేత్తో మీటలు నొక్కే చిన్న టేబుల్ మగ్గం కొనుక్కోవడం. చప్పుడు చాలా తక్కువ, పని నెమ్మది, వెడల్పు తక్కువ, ఆర్డర్లకు పనికిరాదు, మీ ముచ్చటకు సరిపోతుంది. ఇక పుట్టపాక ఎల్బీనగర్ నుంచి గంటన్నర ప్రయాణం. అక్కడి తేలియా రుమాలు అనే చిటికి నేత బట్టకు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరిదని చెప్పే ప్రభుత్వ గుర్తింపు, వచ్చింది. అక్కడ మీ మామయ్యకు తెలిసినవాళ్ళ మగ్గాలు ఇప్పటికీ ఆడుతూ ఉంటాయి, నెలకోసారి ఆయనతో కలిసి వెళ్ళి కూర్చోండి. నిజమైన నేత అంటే ఎంత పనో, ఎంత కూలి పడుతుందో కూడా అక్కడ చూస్తారు. మీ 1,400 ధర సరైనదో కాదో అప్పుడు మీకే తెలుస్తుంది. రాత్రి దాకా కూర్చుంటేనే స్టోల్‌కి మూడు రోజులు పడుతోందన్నారు, నూలు ఖర్చు తీసేస్తే రోజుకి ఎంత మిగులుతోందో వేసుకోండి. జీతం ఉంది కాబట్టి మీకు సరిపోతుంది, దాని మీదే బతికే ఇంటికి సరిపోదు. తక్కువ ధర చెబితే రేపు ఆ స్నేహితులే అక్కడి నేతవాళ్ళ దగ్గర కూడా బేరం ఆడతారు.

మీ భర్తకు ఒక మాట. మధ్యలోకి రానంటున్నారు గానీ ఆయన పుట్టినప్పటి నుంచీ మధ్యలోనే ఉన్నారు. వాళ్ళమ్మ ఆసు పోస్తుంటే పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకున్న పిల్లాడు ఆయన. అత్తమ్మ ఆ రోజుల గురించి మీతో చెప్పదు, ఆయనతో చెబుతుంది. తీర్పు చెప్పమనకండి, ఒక సాయంత్రం వాళ్ళమ్మ దగ్గర కూర్చోమనండి, అంతవరకే.

ఇక ఆ ఎనిమిది స్టోల్స్. మూడు అయ్యాయి, ఐదు ఉన్నాయి, సంక్రాంతికి మూడు వారాలు కూడా లేదు, రోజుకి మూడు గంటల నేతతో అవి కావు. అయ్యేలా చేయాలంటే రాత్రి చప్పుడు, మామయ్య మోకాళ్ళు, అత్తమ్మ కండెలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి మళ్ళీ వాడుకోవాల్సి వస్తుంది. ఎక్కడైనా మరమగ్గం బట్ట కొని చేత్తో నేసిందని ఇచ్చే ఆలోచన మీకు రాదని నమ్ముతున్నాను, ఎవరైనా సలహా ఇచ్చినా వినొద్దు. ఐదుగురికీ ఈ రోజే మెసేజ్ పెట్టండి: సంక్రాంతికి ఇవ్వలేను, మాఘమాసం పెళ్ళిళ్ళ నాటికి ఇస్తాను, వద్దనుకుంటే అడ్వాన్స్ రేపే తిరిగి పంపిస్తాను. ఇద్దరు ముగ్గురు ఆగుతామంటారు. మిగతావాళ్ళ డబ్బు వెంటనే పంపేయండి, వాళ్ళు అడిగేదాకా ఉంచుకోవద్దు. కొత్త ఆర్డర్లు ఈ చలికాలానికి ఇక తీసుకోకండి.